నల్లకాగితంలో మూడు ప్లేట్లు

హైస్కూలు సైన్సు అయ్యవారు మొదటిసారి నా స్టూడియోకి వచ్చింది ఫోటో దిగడానికి కాదు. చంకలో తువ్వాలు చుట్టిన మూట పెట్టుకుని వచ్చారు. విప్పితే ఆరంగుళాల గుండ్రటి గాజుబిళ్ళ. బొటనవేలంత మందం. ఒక పక్క కొద్దిగా గుంటగా, నీళ్ళు నిలిచినట్టు నున్నగా ఉంది.

"దీనికి వెండి పూత పెట్టల్లప్పా. ఫోటోలు తీసేవాళ్ళ దగ్గర సిల్వర్ నైట్రేట్ ఉంటాదని విన్నా" అన్నారు.

యాభైలు ముగిసే రోజులవి. కళ్యాణదుర్గం బజారులో నేను స్టూడియో పెట్టి అప్పటికి నాలుగేళ్ళు. మాది ముదిగుబ్బ. నాయన దూది ఏకేవాడు. సాయిబులమే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. నాయన వెంట పల్లెలు తిరగలేక నేను బళ్ళారి పోయి ఒక ఉస్తాదు దగ్గర ఫోటోల పని నేర్చుకున్నాను. ఆయన పోయాక ఆయన సామాన్లు తెచ్చుకుని ఇక్కడ స్థిరపడ్డాను. ఆ సామాన్లలో సిల్వర్ నైట్రేట్ సీసా నిజంగానే ఒకటి ఉంది.

ఆ గాజుని అయ్యవారు తన చేత్తోనే అరగదీశారట. ఇంకో గాజుబిళ్ళ మీద దాన్ని బోర్లించి, నడుమ సానపొడి, నీళ్ళు వేసి, బడి వదిలాక రోజూ రెండు గంటలు. అట్లా ఏడాదిన్నర. ఆయన అరచేతులు చూస్తే నమ్మాలనిపించింది. ఇద్దరం కలిసి నా చీకటిగదిలో ఎనామిల్ పళ్ళెం పెట్టి, సీసాలోని మందులో అమోనియా కలిపి, చక్కెర నీళ్ళు పోసి, గాజుని అందులో బోర్లించాం. నీళ్ళు గోధుమరంగుకి, తర్వాత బురద రంగుకి తిరిగాయి. పాడైపోయిందనుకున్నాను. ఎత్తి కడిగితే అద్దమైంది. అందులో మా ఇద్దరి ముఖాలూ గుమ్మడికాయలంత పెద్దగా కనపడ్డాయి. అయ్యవారు పళ్ళెం అంచు పట్టుకుని అట్లే నిలబడ్డారు.

అట్లా మొదలైంది మా స్నేహం. ఊరి బయట నీళ్ళింకిన చేనొకటి ఉండేది. అందులో రాతికూసం పాతి, దాని మీద రేకు గొట్టంతో చేసిన దుర్బీను నిలబెట్టాం. చంద్రుణ్ణి చూశాం, గురుగ్రహాన్ని చూశాం. గొల్లకావడి అని మేం పిలిచే మూడు చుక్కల వరస కింద వేలాడే చుక్కల్లో ఒకచోట పొగలాంటి మసక చూశాం. ఆ మసకే నన్ను పట్టుకుంది. అది చుక్కలు పుట్టే మబ్బని, అట్లాంటివి ఆకాశంలో ఇంకా చాలా ఉన్నాయని, వాటిలో చాలావాటిని ఎంత పెద్ద దుర్బీనులో చూసినా కన్ను పట్టలేదని అయ్యవారు చెప్పారు.

"మరెట్ల తెలిసె అవి ఉండాయని?"

"ఫోటోలో. కన్ను ఎంతసేపు చూసినా అంతే చూస్తాది. మందు పూసిన గాజుప్లేటు అట్ల గాదు. చూసేకొద్దీ కూడబెట్టుకుంటాది."

పొద్దున లేస్తే మనుషుల ముఖాలు తీసేవాణ్ణి నేను. పెళ్ళికొడుకులు, పెళ్ళికూతుళ్ళు, కుర్చీలో బిగుసుకుని కూర్చునే ముసలివాళ్ళు. ఎవరి కంటికీ కనపడనిదాన్ని నా ప్లేటు మీదికి తేవచ్చునన్న మాట నా తలలో దూరి మళ్ళీ బయటికి పోలేదు.

ఉస్తాదు సామాన్లలో తిత్తి చిరిగిన పాత ప్లేటు కెమెరా ఉండేది. దాని కటకం తీసేశాను. తిత్తి కోసేశాను. ప్లేటు దూర్చే వెనక భాగం మాత్రం ఉంచి, ఇత్తడి పనివాడి చేత ఒక చుట్టు చేయించి, దుర్బీను గొట్టానికి బొమ్మ పడే చోట బిగించాను. కెమెరాకి ఇప్పుడు అయ్యవారు చేసిన అద్దమే కన్ను. అసలు చిక్కు అది కాదు. ఆకాశం నిలవదు. మనం చూస్తుండగానే చుక్కలు పడమటికి జరుగుతాయి. వాటితోపాటు గొట్టమూ జరగకపోతే ప్లేటు మీద అన్నీ గీతలే. అందుకని పెద్ద గొట్టం మీద సర్వే వాళ్ళు పారేసిన చిన్న దుర్బీనొకటి కట్టి, దాని లోపల సాలీడు పోగులు రెండు అడ్డంగా నిలువుగా అతికించాం. ఆ పోగులు కలిసేచోట ఒక చుక్కని పెట్టుకోవాలి. అది కదలకుండా ఒక మరని చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండాలి. గంటసేపు, రెండు గంటలసేపు, కన్ను తీయకుండా.

నాలుగేళ్ళు తిప్పాను. చుక్కలు గీతలయ్యాయి, తోకలయ్యాయి, జంటలయ్యాయి. మంచు పట్టి ప్లేట్లు మసకబారాయి. గాలికి గొట్టం ఊగింది. ఒకసారి గంటన్నర తిప్పాక చూస్తే ప్లేటుకి వెలుగు తగలకుండా పెట్టిన అడ్డం తీయనేలేదు. గొల్లకావడి కింద మసక ఒకటి మాత్రం బాగా వచ్చింది. అది కంటికి కనపడేదే కదా. నాకు కావలసింది అది కాదు.

అయ్యవారు ఏదో ఇంగ్లీషు పుస్తకంలో చదివి ఒక జాగా చూపించారు. ఆరుద్ర నక్షత్రానికి తూర్పున, నాలుగైదు సన్న చుక్కలు తప్ప ఏమీ లేని చోటు. అక్కడ ఉంగరం ఆకారంలో ఎర్రటి మబ్బు ఉందట. మనుషులకు వాడే మామూలు ప్లేట్లకి ఎరుపు కనపడదు. ఎరుపు కూడా పట్టే ప్లేట్లు వేరే ఉంటాయి. మద్రాసు నుంచి పార్సిల్లో రావాలి. ఎర్రదీపం కింద కూడా వాటిని విప్పకూడదు, కటిక చీకట్లో తడుముకుంటూ పని చేయాలి. నేనొక పెట్టె తెప్పించాను. ఒక్కొక్కటే వాడుతూ, ఒక్కొక్కటే పాడుచేస్తూ, చివరికి మూడు మిగిలాయి.

అప్పటికి అరవైల నడిమికి వచ్చాం. వరసగా రెండో ఏడు వాన లేదు. మొదటి ఏడు వేరుసెనగ మొలిచి ఎండింది. రెండో ఏడు మొలవనేలేదు. బెళుగుప్ప దోవలో చేన్లన్నీ ఇటుక రంగులో పరుచుకుని ఉండేవి. ఊరంతా తలెత్తి ఆకాశం చూసేది. మేమూ చూసేవాళ్ళం. వాళ్ళు మబ్బు కోసం, మేం మబ్బు లేకుండా ఉండటం కోసం. సాయంత్రం పడమట చిన్న మబ్బు లేస్తే బజారులో మనుషుల గొంతులు మారేవి. నా గుండెలో మాత్రం 'పో, పో' అని ఒక మాట లేచేది. దాన్ని ఎవరికీ చెప్పలేదు, అయ్యవారికి కూడా.

మా దుర్బీను మబ్బుల్ని తరుముతోందన్న మాట ఎట్లా పుట్టిందో తెలియదు. ఒక మధ్యాహ్నం ముగ్గురు రైతులు స్టూడియో ముందు నిలబడ్డారు. వాళ్ళలో పెద్దాయన కోపంగా ఏమీ మాట్లాడలేదు.

"దాన్ని నాలుగు దినాలు కప్పి పెట్టు సాయిబన్నా. వానొస్తే మళ్ళా తెరుచుకుందువు. నిన్నేమీ అనం" అన్నాడు.

అయ్యవారు వినివుంటే సైన్సు చెప్పేవారేమో. నేను పోయి గోనెసంచులు కప్పి వచ్చాను. నాలుగు రోజులు కాదు, ఎనిమిది రోజులు ఉంచాను. వాన రాలేదు. ఆ పెద్దాయన మళ్ళీ వచ్చి, "ఇంక తీసేయన్నా" అన్నాడు. ఆ గొంతు వినడం కంటే తిట్టించుకోవడమే మేలనిపించింది.

కరువులో పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. నా దగ్గరికి వచ్చేవాళ్ళు రెండు రకాలే. వలస పోయేముందు ఒక్కసారి అందరం కలిసి పటం దిగుదామని వచ్చేవాళ్ళు ఒకరు. చనిపోయినవాళ్ళని తెచ్చేవాళ్ళు ఇంకొకరు. రెండో రకం ఆ చలికాలంలో ఎక్కువయ్యారు. కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నుంచి ఎవరో ఒకరు దుప్పటి కప్పుకుని పట్టుకుంటే తీసేవాణ్ణి. అదే వాళ్ళకి మొదటి పటం, చివరి పటం. బయటి నుంచి సరుకు రావడం కష్టమైన కాలం. మామూలు ప్లేట్ల పార్సిల్ ఇరవై రోజులుగా రాలేదు. ఉన్నవి అయిపోయాయి. చీకటిగదిలో అరమీద నల్లకాగితంలో చుట్టిన ఆ మూడు మాత్రం ఉన్నాయి.

అమావాస్య రోజు అది. పొద్దున నుంచీ ఆకాశం కడిగినట్టుంది, గాలి లేదు. నాలుగేళ్ళలో అట్లాంటి రోజు చూడలేదు. ఈ రాత్రికి వస్తుందని లోపల ఎవరో చెబుతున్నట్టే ఉంది నాకు.

పది గంటలప్పుడు ఒక మనిషి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. బెళుగుప్ప దోవలో ఒక పల్లె నుంచి నడిచి వచ్చానన్నాడు. భుజం మీద కంబళి, కంబళిలో పిల్ల నిద్రపోతోందనుకున్నాను. బల్ల మీద పడుకోబెట్టి కంబళి తీశాక తెలిసింది. ఐదేళ్ళ ఆడపిల్ల. రెండు రోజులు వాంతులు, బేదులు. తెల్లవారుజామున పోయిందట.

"వాళ్ళమ్మ ఈడ లేదు సాయిబన్నా. కోతలకని బళ్ళారి అవతల కాలువ కిందికి పోయిండాది, వాళ్ళన్నోళ్ళతో. మనిషిని పంపినా ఎప్పటికి వస్తాదో. అందాక పెట్టుకునేకి లేదు గదా. ఒగ పటం తీయి. వస్తే చూపిస్తా" అన్నాడు.

నేను చీకటిగది తలుపు వైపు చూశాను. ఆ చూపు ఈనాటికీ నాకు గుర్తే. ఆ ప్లేట్లతో మనిషి ముఖం తీయకూడదని ఏమీ లేదు. నిజానికి మామూలు ప్లేటుకంటే బాగా వస్తుంది. నా మనసు మాత్రం క్షణంలో లెక్క కట్టుకుంది. మూడే ఉన్నాయి. ఈ రాత్రి ఒకటి తప్పిపోతే రెండోది, అదీ తప్పితే మూడోది.

"ప్లేట్లు లేవప్పా. పార్సిల్ రాలేదు" అన్నాను.

"ఒగటన్నా లేదా?"

"లేదు."

అతను బతిమాలలేదు. బతిమాలి ఉంటే తీసేవాణ్ణేమో అని చాలాసార్లు అనుకున్నాను. అది కూడా నాకు నేను చెప్పుకున్న మాటే కావచ్చు. అతను పిల్ల పక్కన బల్ల మీద కూర్చున్నాడు. నా భార్య లోపలి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తడిగుడ్డతో పిల్ల ముఖం తుడిచింది. తల దువ్వింది. పటం తీస్తాననే అనుకుంది ఆమె. నేను కదలకపోయేసరికి పక్కకి పిలిచి మెల్లగా అడిగింది.

"నిజంగానే లేవా?"

"లేవని చెప్తిని గదా" అన్నాను.

అతను కంబళి మళ్ళీ చుట్టి, పిల్లని భుజానికెత్తుకుని, "వస్తా అన్నా" అని చెప్పి పోయాడు. ఎండలో పన్నెండు మైళ్ళు.

ఆ రాత్రి అయ్యవారు, నేను చేనికి పోయాం. ఆరుద్ర నడినెత్తికి దగ్గరపడే వేళకి ప్లేటు పెట్టి అడ్డం తీశాను. పోగుల నడుమ చుక్కని పట్టుకుని మర తిప్పడం మొదలుపెట్టాను. అయ్యవారు రాతి మీద కూర్చుని గడియారం చూస్తూ టైము చెబుతున్నారు. అంత నిలకడగా నా చెయ్యి ఎప్పుడూ ఆడలేదు. చుక్క మేకు కొట్టినట్టు నిలిచింది.

గంట దాటింది. కన్ను ఒకచోటే పెట్టి ఉంచితే ఇంకేదీ చూడటానికి ఉండదు, తలపులు వాటంతటవే వస్తాయి. పిల్ల కాలిపట్టా ఒకటే ఉంది. రెండోది ఎక్కడో పడిపోయి ఉంటుంది. ఆ ఒక్క పట్టా నా కళ్ళలో తిరిగింది. కన్ను తీయకుండానే అయ్యవారికి చెప్పాను. పొద్దున ఒకాయన వచ్చాడని, బిడ్డ చనిపోయిందని, పటం అడిగితే ప్లేట్లు లేవని చెప్పానని.

ఆయన టైము చెప్పడం ఆపి అడిగారు.

"ఈ ప్లేటు అప్పుడు ఉండెనా?"

"ఉండె."

"మూసేయప్పా" అన్నారు. "అడ్డం మూసేయి. ఇంటికి పోదాం."

"ఇంగా గంటన్నర ఉండాది అయ్యవారూ."

"నాకొద్దు ఆ ఫోటో. మూసేయి."

నేను మూయలేదు. చెయ్యి మర తిప్పుతూనే ఉంది. ఇప్పుడు మూసేస్తే పొద్దున చేసినదానికి అర్థమే లేకుండా పోతుందనిపించింది. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా అప్పుడు అనిపించింది అదే. అయ్యవారు లేచారు. కండువా దులుపుకున్నారు. చెప్పుల చప్పుడు చేను దాటి బండ్లదోవ మీదికి పోయింది. గడియారం కూడా ఆయనతోనే పోయింది. ఆ తర్వాత ఎంతసేపు తిప్పానో నాకు తెలియదు. ఆరుద్ర పడమటికి బాగా వాలేదాకా తిప్పాను. మెడ పట్టేసింది. కంట్లో నీళ్ళు కారి చుక్క రెండయ్యేది, రెప్పలాడిస్తే మళ్ళీ ఒకటయ్యేది.

తెల్లవారకముందే చీకటిగదిలో ప్లేటు కడిగాను. దీపం పెట్టి చూస్తే ఉంది. నిండా చుక్కలు, ఒక్కటి కూడా సాగలేదు. నడుమ అణాబిళ్ళంత ఉంగరం, ఊదితే పోయేంత పలచగా. నాయన దూది ఏకేటప్పుడు గదిలో తేలే పోగులు ఎండపొడలో కనపడతాయి చూడండి, అట్లా ఉంది. నాలుగేళ్ళు దానికోసం కాచుకున్నవాణ్ణి, ఎగిరి గంతేయాల్సినవాణ్ణి. మూలన గోడకి ఆనుకుని కూలబడ్డాను. నా భార్య తలుపు కొట్టి ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను. తలుపు తీశాక, ఆమె కళ్ళు అరమీది నల్లకాగితం పొట్లం మీద ఆగాయి. తడి ప్లేటు మీద ఆగాయి. ఆ రోజు నాతో మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు.

ప్లేటు కడిగిన ఆ పొద్దున్నే నేను కెమెరా, మిగిలిన రెండు ప్లేట్లూ సైకిలుకి కట్టుకుని ఆ పల్లెకి బయల్దేరాను. ఏం చేద్దామని పోయానో నాకే తెలియదు. పొద్దెక్కేసరికి చేరాను. అతను ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ప్లేట్లు వచ్చినాయప్పా" అన్నాను. మళ్ళీ అబద్ధమే.

"నిన్న పొద్దు గూకకముందే మన్నులో పెట్టేస్తిమన్నా" అన్నాడు. నా సైకిలు వైపు, కెమెరా వైపు చూశాడు. "దీనికోసం ఇంత దూరం వస్తివా? నీళ్ళు తాగు."

ఆ ఊళ్ళో తాగే నీళ్ళు బావి అడుగు నుంచి గంటకొక కడవ చొప్పున ఊరుతున్నాయి. ఆ నీళ్ళు నాకు చెంబు నిండా ఇచ్చాడు. తాగాను. నిజం చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాను. చెప్పకుండానే సైకిలెక్కాను.

ఇరవై రోజుల తర్వాత తల్లి వచ్చింది, ఒక్కతే. చేతుల నిండా కొడవలి గాట్లు. గడపలో నిలబడి లోపల బల్ల వైపు చూసింది.

"ఈ బల్ల మీదనేనా పండబెట్టింది?"

"ఇదేనమ్మా."

"ఆ పొద్దు ప్లేట్లు లేవంట గదా."

ఆమె నిలదీయడానికి అడగలేదు. మాట కోసం అడిగింది, అంతే. ఔనంటే సరిపోయేది. నా భార్య లోపలి గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"ఉండె" అన్నాను. "మూడు ఉండె."

ఆమెకి మొదట అర్థం కాలేదు. "ఉంటే ఏమిటికి తీయలేదన్నా?"

"చుక్కల ఫోటో తీసేకి పెట్టుకుంటి."

ఆమె తిట్టలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. నా ముఖంలోకే చూస్తూ, తెలియనిది తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"చుక్కలు యాడికి పోతాయన్నా?"

ఆమె అరుగు మీద కూలబడింది. నా భార్య వచ్చి ఆమె పక్కన కూర్చుంది. లేచి పోబోతూ ఆ తల్లే మళ్ళీ అంది.

"మా ఊరికి నువ్వు పటాలు తీసేకి వస్తివి గదా. దాంట్లో యాడన్నా పడిందేమో చూడన్నా."

అడిగి వెళ్ళిపోయింది. నేను స్టూడియో మూసేశాను. గాజు నెగెటివులు చెక్కపెట్టెల్లో వరసగా పెట్టుకునే అలవాటు నాకు ఉస్తాదు నుంచి వచ్చింది. ఆ పల్లెకి నేను పోయింది రెండుసార్లే, ఒక పెళ్ళికి, ఒక బావి పూజకి. పెళ్ళి నెగెటివుల్లో ఏమీ లేదు. బావి పూజ ప్లేటు దాని వరసలో కనపడలేదు. సంతల్లో, జాతరల్లో, బడుల్లో తీసినవి కూడా ఒక్కొక్కటే కిటికీ వెలుగులో పెట్టి, భూతద్దంతో మూలమూలలా చూశాను. నెగెటివులో ముఖాలు నల్లగా, జుట్టు తెల్లగా ఉంటుంది. ఏ ఆడపిల్లని చూసినా అదే అనిపించేది. అసలు ఆ పిల్ల ముఖం నేను చూసింది ఒక్కసారి, అదీ కళ్ళు మూసుకుని ఉండగా. మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నా భార్య మూడో రోజు వచ్చి పక్కన కూర్చుని, పెట్టెల్లోంచి ప్లేట్లు తీసి తుడిచి అందించడం మొదలుపెట్టింది.

చివరికి వేరే పెట్టె అడుగున బావి పూజ ప్లేటు దొరికింది. మంచినీళ్ళ బావి తవ్వి పూజ చేసిన రోజు, రెండేళ్ళ కిందట, ఊరందరినీ నిలబెట్టి తీసింది. వెనక వరసలో ఆమె ఉంది. అప్పుడు ఆమె ఎవరో నాకు తెలియదు. చంకలో పిల్ల. పిల్ల ముఖం తల్లి భుజంలో దూరి ఉంది. కనపడేది తల వెనక భాగం, తల్లి మెడని పట్టుకున్న ఒక చెయ్యి. అంతే. చెయ్యి మాత్రం స్పష్టంగా ఉంది. మణికట్టుకి నల్లపూసల దారం, దారం ముడి కూడా తెలుస్తోంది.

అంతవరకూ పెద్దది చేసి ముద్రించి, పల్లెకి పోయి ఇచ్చాను. ముఖం లేదని ముందే చెప్పాను. భార్యాభర్తలిద్దరూ వాకిట్లో నిలబడి చూశారు. భర్త తల తిప్పుకున్నాడు. ఆమె వేలితో ఆ చిన్న చేతిని తాకింది.

"నల్లగుడ్డ కప్పుకుంటివి గదన్నా నువ్వు. దాన్ని జూసి బెదిరిపాయె. ఎంత తిప్పినా మొగం తిప్పలే" అంది. కొంచెం ఆగి, "చెయ్యి దానిదే" అంది.

పటాన్ని కొంగులో చుట్టుకుని లోపలికి పోయింది. ఆమె నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. అట్లాంటి మాట ఆమె అనలేదు, నేను అడగలేదు. ప్లేట్ల సంగతి ఆమె భర్తకి చెప్పిందో లేదో కూడా తెలియదు. తర్వాత సంతలో ఎదురైనప్పుడల్లా అతను "బాగుండావా అన్నా" అనేవాడు. ఆ మాటకి నేను ఏనాడూ సూటిగా అతని కళ్ళలోకి చూడలేకపోయాను.

అప్పటి నుంచి స్టూడియోలో ఎప్పుడూ నాలుగు ప్లేట్లు విడిగా పెట్టి ఉంచేవాణ్ణి, చనిపోయినవాళ్ళని తెచ్చేవాళ్ళ కోసం. ఆ కరువులో అవి ఎన్నాళ్ళూ నిలిచేవి కావు. మళ్ళీ ఆకాశం ఫోటో తీయలేదని రాస్తే బాగుంటుంది. కాని తీశాను. వానలు పడ్డాక, పార్సిళ్ళు సరిగా వస్తున్న రోజుల్లో, ఒక్కణ్ణే పోయి రెండు మూడుసార్లు తీశాను. ఏదీ ఆ రాత్రిలా రాలేదు.

అయ్యవారు ఆ రాత్రి తర్వాత నా స్టూడియో గడప తొక్కలేదు. బజారులో కనపడితే తలూపేవారు. ఏడాది తిరిగాక ఆయనకి బదిలీ అయింది. పెట్టె, పరుపు బస్సు మీదికి ఎక్కించి, బస్సు కదలడానికి ఇంకా అరగంట ఉందనగా వచ్చి బల్ల మీద కూర్చున్నారు.

"ఆ ప్లేటు ఉండాదా?" అన్నారు.

తీసి ఇచ్చాను. కిటికీ దగ్గరికి పోయి, కళ్ళద్దాలు తీసి, ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు.

"ఉంగరమే" అన్నారు. తర్వాత నా వైపు తిరగకుండానే, "ఆ రాత్రి నేను లేచి పోతినే గాని నిద్ర పోలేదప్పా. మిద్దె మీద పండుకొని, ఆరుద్రని జూస్తా, వస్తాదా రాదా అని అనుకుంటానే ఉంటి. బిడ్డ గురించి గాదు. దీని గురించి. నిన్ను మూయమని చెప్పి, నువ్వు మూయకూడదని మొక్కుకుంటి" అన్నారు.

ఆయన వచ్చి మళ్ళీ బల్ల మీద కూర్చుంటే, నేను కుర్చీ జరిపి పక్కన కూర్చున్నాను. బయట డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆయన ప్లేటుని నా చేతిలో పెట్టి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, బస్సు వైపు నడిచారు.